ఫరీజ్ ఒకటి నుంచి అయిదు దాకా

కొనసాగించాలా వద్దా అని ఆట అడిగింది. కొనసాగించమని నేనే నొక్కాను.

శుక్రవారం మధ్యాహ్నం, భోజనాలయ్యాక. తెర మీద ఇంగ్లిషులో ఒక పొడుగాటి జాబితా వచ్చింది. ఈ ప్రపంచంలో వాడిన కొన్ని వస్తువులు ఇప్పుడు దొరకడం లేదన్నది దాని సారం. ముందుగా ఒక నకలు తీసి ఉంచమంటారా అని కూడా అడిగింది. డిస్కులో చోటు కోసం అరపూట కూర్చుని ఊడ్చిందాన్ని, మళ్ళీ నకలెందుకని వద్దన్నాను. ఆ తర్వాత కొనసాగించు అన్నదాని మీద నొక్కాను.

వీధి కనిపించింది. మొదట తేడా తెలియలేదు. తర్వాత తలుపులు లేవని చూశాను. గుమ్మాలున్నాయి, వాటి వెనక గదులున్నాయి, తలుపులు మాత్రం లేవు. కిటికీ ఏసీలు ఉండాల్సిన చోట గోడలకు చదరపు కన్నాలు. మేడల మీద నీళ్ళ ట్యాంకుల్లేవు. కార్లు పెట్టే షెడ్డుకి రేకులు పోయాయి. ఆ రేకుల మీద మేట వేసిన ఇసుక మాత్రం ఆసరా ఏమీ లేకుండా గాలిలో అలాగే నిలబడి ఉంది. వీధి దీపాలు వెలుగుతున్నాయి.

మా అమ్మాయి తలంటుకుని, జుట్టు తుడుచుకుంటూ వచ్చి నా వెనక నిలబడింది.

"అమ్మా, ఏం నొక్కావ్?"

"ఏం లేదే. వేగంగా వస్తోందో లేదో చూద్దామని తెరిచాను."

"ఏం తీసేశావ్?"

"పాతవి."

"ఏ పాతవి?"

నేను జవాబు చెప్పేలోపు తను మౌస్ లాక్కుని షెడ్డు దగ్గరికి నడిచి, ఆ ఇసుక దిమ్మెల్లో ఒకదాన్ని ముట్టుకుంది. ఈ ఆటలో ఇసుక, కింద ఆసరా పోయినంత మాత్రాన పడదు. పక్కన ఏదైనా కదిలితేనే తనకు ఆధారం లేదని తెలుసుకుంటుంది. ఒకటి రాలింది, దాని పక్కది రాలింది, వరసంతా రాలిపోయింది. అంతలో తెర మూలన చిన్న గుర్తు తిరిగింది. ఆట తనంతట తాను భద్రపరుచుకుంటోందని ఆ గుర్తుకి అర్థమట. అది నాకు తర్వాత తెలిసింది.

అమ్మాయి ఏడవలేదు. తువ్వాలు నేల మీద పడేసి తన గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది.

ఇక్కడ కొంచెం వెనక్కి వెళ్ళాలి.

మేం ఉండేది దోహాలో, ఫరీజ్ బిన్ మహమూద్‌లోని ఒక పాత అపార్ట్‌మెంటులో. ఫరీజ్ అంటే ఇక్కడి అరబ్బీలో పేట. నేను పెళ్ళికి ముందు, తర్వాత కూడా కొన్నేళ్ళు, ఒక తెలుగు దినపత్రిక డెస్కులో పనిచేశాను. మా ఆయనకి సముద్రంలో గ్యాస్ ప్లాట్‌ఫారం మీద ఉద్యోగం వచ్చాక ఉద్యోగం మానేసి ఇక్కడికి వచ్చాను. ఆయన కొన్ని వారాలు సముద్రం మీద, కొన్ని వారాలు ఇంట్లో. ఆ శుక్రవారం సముద్రం మీద ఉన్నారు.

మా కింది అంతస్తులో నిజామాబాద్ జిల్లా నుంచి వచ్చిన ఒక ముస్లిం కుటుంబం ఉండేది. ఆయన ఒక మెయింటెనెన్స్ కంపెనీలో ఏసీల పని చూసేవాడు. ఆవిణ్ణి నేను భాభీ అనేదాన్ని, ఆవిడ నన్ను అక్కా అనేది. వాళ్ళ పెద్దమ్మాయి మా అమ్మాయికన్నా ఒక క్లాసు పైన. ఇంట్లో దక్కనీ, మాతో తెలుగు, మా అమ్మాయితో రెండూ కలిపి మాట్లాడేది. ఇద్దరూ ఈ దిమ్మెల ఆట ఆడేవారు. భూమిని తవ్వి, దిమ్మెలు తీసి, వాటితో ఏం కావాలంటే అది కట్టుకోవచ్చు. గెలవడం, ఓడడం ఉండదు. పిల్ల పైకి వచ్చిందంటే వాళ్ళ నాన్నకి కంపెనీ ఇచ్చిన లాప్‌టాప్ చంకలో ఉండేది. మా భోజనాల బల్లకి అటూ ఇటూ కూర్చునేవారు.

ఆటలో చీకటి పడుతుంది. అందరూ మంచాల మీద పడుకుంటేనే తెల్లారుతుంది. ఒక్కరు లేచి ఉన్నా చీకటే.

"పడుకోవే తల్లీ, నాకు గోడ కనిపించట్లేదు!" అని మా అమ్మాయి అరిచేది.

"నేను పండుకోను. ఏం జేస్కుంటవో జేస్కో."

"అమ్మా, చూడమ్మా ఇది!"

"ఆంటీకి జెప్తే సూర్యుడొస్తడా? బిర్యానీ తెస్తా అను, పండుకుంట."

వంటింట్లోంచి ఆ గొడవ వింటూ నేను నా పని చేసుకునేదాన్ని.

ఆ పిల్లకి ఆటలో ఉన్న వస్తువులు సరిపోలేదు. వాళ్ళు కడుతున్నది మా వీధి. మా వీధికి కావాల్సినవి ఆటలో లేవు. ఆట తయారుచేసినవాళ్ళు ఇవ్వనివాటిని ఆడేవాళ్ళే రాసి కలుపుకోవచ్చట. దాన్ని మాడ్ అంటారు. స్కూల్లో నేర్పిన కాస్త ప్రోగ్రామింగుతో, తక్కినది వీడియోలు చూసి, ఆ పిల్ల మాడ్‌లు రాయడం మొదలుపెట్టింది. మొదట తలుపులు: మా బిల్డింగులో ఉన్నలాంటి ఇనప చట్రం తలుపులు, తీస్తే కిర్రుమనేవి. తర్వాత కిటికీ ఏసీలు. వాటి కింద నీళ్ళ చుక్కలు పడేవి. ఆ చుక్కల కింద కుండీ పెడితే పుదీనా మొలిచేది. అది వాళ్ళ అమ్మ నిజంగా చేసే పనే. మూడోది రేకులు. నాలుగోది ట్యాంకులు.

ట్యాంకుల సంగతి నాకు బాగా గుర్తుంది. ఆటలో రెండు బకెట్ల నీళ్ళు ఎదురెదురు మూలల్లో పోస్తే ఎన్నిసార్లు తోడినా తరగని మడుగు తయారవుతుంది. ఆ పిల్లకి అది నచ్చలేదు.

"గివేం నీళ్ళు ఆంటీ? ట్యాంకర్ రాకుండనే నిండుతయా? ముఐథర్‌ల మేం ఉన్నప్పుడు రెండ్రోజులు స్నానాల్లేవు, ఎర్కనా?"

ఈ బిల్డింగుకి రాకముందు వాళ్ళు ముఐథర్‌లో, గదులుగా పంచి అద్దెకిచ్చిన ఒక విల్లాలో ఉండేవారు. ఆమె రాసిన ట్యాంకులో నీళ్ళు వాడేకొద్దీ తగ్గేవి. అడుగంటాక గంట కొట్టి ట్యాంకర్‌ని పిలవాలి. అది వెంటనే రాదు. అయిదోది వీధిలో గోడ పక్కన బాటసారుల కోసం పెట్టే చల్లని నీళ్ళ డబ్బా. ఆరోది వీధి దీపాలు. దాదాపు ఏడాదిన్నర పట్టింది. ఒక్కో మాడ్ ఒక్కో ఫైలు. వాటికి ఫరీజ్ 1, ఫరీజ్ 2 అని వరసగా పేర్లు పెట్టింది. మా వీధి అయ్యాక, ఆటలో చాలా దూరం నడిచి వెళ్ళి, వాళ్ళ ముఐథర్ విల్లా కూడా కట్టింది. అదంతా తన ఒక్కదాని పని. మా అమ్మాయిని ఇటుక ముట్టనివ్వలేదు.

"నువ్వు జూడలేదు గదా ఆ ఇల్లు. నీకేం ఎర్క, ఊకో."

ఈ వేసవి మొదట్లో వాళ్ళ నాన్న కంపెనీ కాంట్రాక్టు పోయింది. ఇంకో కంపెనీ దొరుకుతుందని ఆయన తిరిగాడు, దొరకలేదు. నెల తిరగకుండా కుటుంబమంతా వెళ్ళిపోవాల్సి వచ్చింది. గల్ఫులో ఉన్న ఏ ఇంటికీ ఇది కొత్త కాదు. లాప్‌టాప్ కంపెనీకి తిరిగి ఇచ్చెయ్యాలి. వాళ్ళు బయల్దేరే ముందురోజు సాయంత్రం ఆ పిల్ల పెన్‌డ్రైవ్‌తో పైకి వచ్చి, ఆ ఆరు ఫైళ్ళూ, ప్రపంచమూ మా లాప్‌టాప్‌లో సరిగ్గా ఉన్నాయో లేదో చూసుకుంది.

"ఆంటీ, ఊళ్ళె కంప్యూటర్ కొన్నంక లోపల్కి వస్తా. అప్పటిదాంక మా ఇల్లు వీనికి కిరాయికి ఇచ్చిన," అని మా అమ్మాయి నెత్తి మీద మొట్టింది. వీడు, వాడు అనడం వాళ్ళిద్దరి మధ్య మామూలే.

ఇక నా సంగతి. తెలుగు సంఘం ఉగాది సంచిక పేజీలు నేనే పెట్టాను. ఆ ఫొటోలతో, స్కాన్లతో లాప్‌టాప్ నిండిపోయింది. ఆట తెరిస్తే నత్తలా నడుస్తోందని అమ్మాయి వారం రోజులుగా గొణుగుతోంది. తనకి తెలియకుండా బాగుచేసి చూపిద్దామనుకున్నాను. సంచిక ఫైళ్ళు తీశాను, పాత వీడియోలు తీశాను, తర్వాత ఆట ఫోల్డరు తెరిచాను. ఫరీజ్ 1, 2, 3, 4, 5, 6. ఒకే పేరు, చివర అంకె వేరు.

డెస్కులో ఇలాంటివి రోజూ చూసేదాన్ని. ఒక వార్త మధ్యాహ్నం ఒకటిగా వస్తుంది. సాయంత్రం మార్పులతో రెండుగా, రాత్రి మూడుగా వస్తుంది. చివరిదాంట్లోనే అన్నీ ఉంటాయి. అది ఉంచి తక్కినవి తీసెయ్యడం నియమం. చేరిన మొదటి ఏడాది ఆ నియమం తప్పాను. ఒక బస్సు ప్రమాదం వార్తలో, తీవ్రంగా గాయపడ్డాడని మొదటి ఫైలులో ఉన్న మనిషి మూడో ఫైలు వచ్చేసరికి చనిపోయాడు. పేజీలోకి మొదటిది వెళ్ళింది. ఆయన అన్నయ్య మర్నాడు ఆఫీసుకొచ్చి, నా బల్ల ముందు నిలబడి, "మావాడు ఏ ఆస్పత్రిలో ఉన్నాడమ్మా?" అని అడిగాడు. వెటకారానికి కాదు. పేపర్లో చూసి నిజంగానే ఆశపడి వచ్చాడు. ఆ రోజు నుంచి పాత ఫైలన్నది నా కంప్యూటర్లో ఉండనివ్వలేదు. చెత్తబుట్ట కూడా వెంటనే ఖాళీ చేస్తాను.

అలాగే చేశాను. ఆరు ఉంచాను. ఒకటి నుంచి అయిదు దాకా తీసేశాను. బుట్ట ఖాళీ చేశాను. సరిదిద్దాక పేజీ ఒకసారి తెరిచి చూడడం కూడా అలవాటే కాబట్టి ఆట తెరిచాను.

డెస్కులో ఇంకో నియమం కూడా ఉంది. అనుమానం ఉంటే కొట్టెయ్యకముందు విలేకరికి ఫోన్ చెయ్యాలి. ఆ సాయంత్రం అమ్మాయి తలుపు తీసి అన్నది కూడా అదే.

"నన్ను అడగాల్సిందమ్మా. పక్క గదిలోనే ఉన్నా."

శనివారం పొద్దున్న లాప్‌టాప్ తీసుకుని మా వీధి చివర రిపేరు షాపుకి వెళ్ళాను. అతనిది కరీంనగర్. కంప్యూటర్లు, ఫోన్లు, ఏదైనా విప్పుతాడు. నా మాట అంతా విని లాప్‌టాప్ తిరగేసి చూశాడు.

"అక్కా, పాత రకం హార్డ్ డిస్క్ అయితే గీకైనా తీసేటోణ్ణి. ఇది ఎస్ఎస్‌డీ. బుట్ట ఖాళీ చేసినంక ఇది ఊకోదు, జాగా తుడ్సుకుంటది."

"ఒక్కసారి చూడు నాయనా. చిన్న ఫైళ్ళే."

"చిన్నయే జల్ది పోతయి అక్కా." అయినా ఏదో తీగ తగిలించి మధ్యాహ్నం దాకా ప్రయత్నించాడు. నేను అక్కడే ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాను. ఉగాది సంచికలో నేను పారేసిన ఫొటోలు కొన్ని బయటికొచ్చాయి. ఫరీజ్ ఒక్కటీ రాలేదు. "మాఫీ అక్కా," అని తీగ పీకేశాడు. "ఏమున్నయి గండ్ల? ఆఫీసుయా?"

"పిల్లల ఆట."

"ఆటనా?" అని నవ్వబోయి నా మొహం చూసి ఆగిపోయాడు. డబ్బులు తీసుకోలేదు.

మిగిలింది కంపెనీకి తిరిగిచ్చిన లాప్‌టాప్. ఆ కంపెనీ స్టోరు మెసైమీర్‌లో ఉంటుందని ఒకసారి వాళ్ళ నాన్న అన్నాడు. ఆదివారం టాక్సీలో వెళ్ళాను. అమ్మాయి తనూ వస్తానంది. దారి పొడవునా కిటికీ వైపే చూసింది. స్టోర్‌కీపరు పెద్దాయన, మర్యాదగా కూర్చోబెట్టి చాయ్ తెప్పించాడు. రిజిస్టరు తిప్పి వేలు పెట్టి చూపించాడు. ఆ లాప్‌టాప్ వచ్చిన రోజునే ఫార్మాట్ చేసి ఇంకో సూపర్‌వైజర్‌కి ఇచ్చేశారు.

"ఫార్మాట్ హోగయా మేడమ్. ఖలాస్."

"దాన్ని ఒకసారి చూడనిస్తారా?" అని అమ్మాయి హిందీలో అడిగింది.

"బేటీ, అందులో ఇప్పుడు వేరేవాళ్ళ పని ఉంది." చాయ్ తాగమని మళ్ళీ చెప్పాడు. తను తాగలేదు. నేను రెండు గుక్కలు తాగాను. లేచి వచ్చేశాం.

ఇక ఆ పిల్లకి చెప్పకుండా దాటేసే దారి లేదు. ఫోన్ చెయ్యడానికి నాకు ఒక రోజంతా పట్టింది. ప్రమాదంలో పోయినవాళ్ళ ఇళ్ళకి విలేకరుల చేత ఫోన్లు చేయించినదాన్ని. ఒక పదహారేళ్ళ పిల్లకి నేను చెయ్యలేకపోయాను. చివరికి అమ్మాయే నా ఫోన్ తీసుకుని కలిపి నా చేతిలో పెట్టింది. భాభీ ఎత్తింది. కుశలాలయ్యాయి. ఆయనకి ఇంకా పని దొరకలేదు, పిల్లకి కాలేజీలో సీటు దొరికింది, ఇంట్లో కంప్యూటర్ లేదు. నేను విషయం చెప్పాను.

"అయ్యో, పిల్లల ఆటకు గింత ఏడుస్తరా అక్కా? నేనే దానికి లాప్‌టాప్ ముందర కూసుంటే తిట్టేదాన్ని," అంది. తర్వాత గొంతు తగ్గించి, "రోజు అడుగుతది అక్కా, కంప్యూటర్ ఎప్పుడు కొంటమని. మీరే చెప్పుర్రి దానికి," అని పిల్లకిచ్చింది.

నేను మొదటి నుంచి చివరి దాకా చెప్పాను.

"ఆంటీ," అంది. "ఒకటి నుంచి అయిదు పాతయని ఎవరు చెప్పిన్రు మీకు?"

"ఎవరూ చెప్పలేదమ్మా. నేనే అనుకున్నాను."

"తలుపు వేరే, ఏసీ వేరే. ఒకదాంట్ల ఒకటి ఉండదు."

"తెలిసింది తల్లీ. తప్పు నాదే."

తిడుతుందేమో అనుకున్నాను. తిట్టినా బాగుండేది. ఆ పిల్ల అడిగింది వేరు.

"ఆట తెరిచినప్పుడు ఎక్కడ నిలబడ్డరు?"

"మీ ఇంటి ముందు. వీధిలో."

"ఎంత దూరం నడిసిన్రు?"

"షెడ్డు దాకా. అంతే."

"ముఐథర్ దిక్కు పోలే గదా?"

"లేదు."

"పోకుర్రి. అస్సలు తెర్వకుర్రి. దానికి చెప్పుర్రి, తెర్వొద్దని."

ఆట మొత్తం ప్రపంచాన్ని ఒకేసారి తెరవదట. మనం నిలబడ్డ చోటు చుట్టూ కొంత మేరే తెరుస్తుంది. అక్కడ తనకి తెలియని వస్తువు కనిపిస్తే చెరిపేసి, చెరిపినట్టే రాసి పెట్టుకుంటుంది. మనం వెళ్ళని చోటు ఉన్నది ఉన్నట్టే ఉంటుంది. అంటే మా వీధి పోయింది. ఆ పిల్ల ఒక్కతే కట్టిన ముఐథర్ ఇల్లు, దాని ట్యాంకులు, తలుపులు, పుదీనా కుండీలు ఆ ఫైలులో ఎక్కడో చెక్కుచెదరకుండా ఉన్నాయి. మాడ్‌లు తిరిగి పెట్టకుండా ఎవరైనా అటు నడిచి వెళితే, చూస్తుండగానే అదీ పోతుంది.

"నీ దగ్గర పెన్‌డ్రైవ్ ఉంది కదమ్మా?" అన్నాను.

"కార్గోల ఉంది ఆంటీ."

గల్ఫు నుంచి ఇల్లు ఎత్తేసేవాళ్ళు విమానంలో పట్టనివన్నీ అట్టపెట్టెల్లో కట్టి ఓడ మీద పంపుతారు. దుప్పట్లు, గిన్నెలు, పిల్లల పుస్తకాలు. భాభీ వెనక నుంచి అందుకుంది. "కుక్కర్‌ల పెట్టిన అక్కా, పగలద్దని. దాని పెన్సిల్ డబ్బ, పెన్‌డ్రైవ్, నా గాజులు, అన్ని గండ్లనే. మూత బిగిచ్చి టేప్ ఏసిన. పోదు." నవ్వింది కూడా. "నా సామాన్ల కుక్కర్‌కే సెక్యూరిటీ ఎక్కువ."

"అన్నీ ఉన్నాయా అందులో? ఆరూ?" అని అడిగాను.

పిల్ల ఆలోచించింది. "తలుపులు ఉన్నయి. ఏసీ ఉంది. ట్యాంకు..." ఆగింది. "ట్యాంకు పోయేముందు మల్ల మార్చిన ఆంటీ. మార్చినదాన్ని మీ దాంట్ల పెట్టిన. పెన్‌డ్రైవ్‌ల పెట్టిన్నో లేదో యాదికి లేదు. పాతది ఉందేమో. పాతదైతే పేర్లు కలుస్తయో లేదో."

నా పక్కన కూర్చున్న మా అమ్మాయి అప్పుడు ఫోన్ లాక్కుంది. ఇద్దరూ చాలాసేపు మాట్లాడారు, దక్కనీలో, గబగబా. నాకు సగం అర్థం కాలేదు. ఒక చోట మాత్రం "మా అమ్మని ఏం అనకు" అని వినిపించింది. అవతలి నుంచి ఏం జవాబొచ్చిందో తను నాకు చెప్పలేదు.

అప్పటి నుంచి ఆట తెరవలేదు. అమ్మాయి ఆ ఫోల్డరుని నకలు తీసి, వేరే డ్రైవులో పెట్టి, దానికి ఏ పేరూ పెట్టకుండా వదిలేసింది. లాప్‌టాప్ మీద నేను కూర్చుంటే గుమ్మం దగ్గర ఆగి చూసి వెళుతుంది. నా మీద కోపంగా ఉందో లేదో నాకు తెలియదు. అన్నం పెడితే తింటుంది, అడిగితే చెబుతుంది. తనంతట తను మాత్రం ఏమీ చెప్పదు. రోజుకి ఒకసారి, స్కూలు నుంచి రాగానే, "పెట్టె వచ్చిందటనా?" అని అడుగుతుంది. లేదంటాను. సరే అంటుంది. మా ఆయన ఇంటికొచ్చాక విని, "కొత్త ఊరు కట్టుకోండి" అన్నారు. ఆయన మీద తను మొదటిసారి గొంతెత్తింది.

వాళ్ళు పెట్టె పంపి మూడు నెలలు దాటింది. నిన్న సాయంత్రం కార్గో ఆఫీసుకి మళ్ళీ ఫోన్ చేశాను. ఓడ ముంబైలో సరుకు దించిందని, ఆ పెట్టె దించినవాటిలో ఉందో లేదో ఇంకా ఎవరూ చూడలేదని చెప్పారు.